ఎత్తుగడ పాఠం: రెండు నిమిషాల చిత్రారంభంలో మాధ్యమ విద్యార్థి అభ్యసనం

కావ్యముఖం ఎలా ఉండాలన్న విచారణ అలంకారశాస్త్రంలో ప్రాచీనమైనది. ఆశీస్సు, నమస్క్రియ, వస్తునిర్దేశం అనే మూడింటిలో ఏదో ఒకదానితో కావ్యం ప్రారంభం కావాలన్నాడు దండి. రూపకానికి నాంది, ప్రస్తావన ఉన్నాయి. తెలుగు కావ్యానికి అవతారిక ఉంది. ఆధునిక కథ దగ్గరికి వచ్చేసరికి విమర్శకులు ‘ఎత్తుగడ’ అనే చక్కని తెలుగు మాటను వాడుకలోకి తెచ్చారు. ఇన్ని పేర్లున్నా, తెలుగు తరగతి గదిలో ఇవన్నీ లక్షణం చెప్పి, ఉదాహరణ చూపి, పరీక్షలో తిరిగి రాయించే విషయాలుగానే ఉండిపోయాయి. విద్యార్థి చేత ఒక ప్రారంభాన్ని చేయించి, ఆ పనిలో ఏమి తెలిసిందో అతడినే చెప్పమనే పద్ధతి సాహిత్య బోధనలో చాలా అరుదు. మాధ్యమ అధ్యయనంలో మాత్రం అటువంటి అభ్యాసం ఒకటి దాదాపు దశాబ్దం పాటు వేలాది విద్యార్థుల చేతిలో నలిగింది. ఆ అభ్యాసం నేర్పినదేమిటి, నేర్పలేకపోయినదేమిటి అన్న ప్రశ్న తెలుగు పరిశోధకులకు పరాయిది కాదు.

ఇంగ్లండ్‌లో ఓసీఆర్ పరీక్షా మండలి 2008లో ప్రవేశపెట్టిన ఏఎస్ స్థాయి మీడియా స్టడీస్ పాఠ్యప్రణాళికలో ‘ఫౌండేషన్ పోర్ట్‌ఫోలియో’ అనే భాగం ఉండేది. పదహారు, పదిహేడేళ్ల విద్యార్థులు ఒంటరిగానో చిన్న బృందాలుగానో ఒక కొత్త కల్పిత చలనచిత్రానికి పేర్లతో కూడిన ప్రారంభాన్ని తీయాలి. దాని నిడివి రెండు నిమిషాలకు మించకూడదు. దృశ్యమంతా సొంతంగా చిత్రీకరించినదే కావాలి. సంగీతానికి మాత్రం కాపీరైట్ అడ్డులేని మూలాల నుంచి తీసుకునే వెసులుబాటు ఉంది. మొత్తం 100 మార్కులలో పరిశోధనకూ ప్రణాళికకూ 20, నిర్మాణానికి 60, చివర రాసే స్వీయ మూల్యాంకనకు 20. ఈ మూల్యాంకనకు ఏడు ప్రశ్నలు నిర్ణయమై ఉండేవి. సాంప్రదాయిక రూపాలను ఎలా వాడుకున్నారు లేదా ఎదిరించారు, ఏ సామాజిక వర్గాన్ని ఎలా చూపారు, ఎటువంటి సంస్థ దీనిని పంపిణీ చేస్తుంది, ప్రేక్షకులెవరు, వారిని ఎలా ఆకట్టుకున్నారు, సాంకేతికత గురించి ఏమి తెలుసుకున్నారు, తొలి అభ్యాసం నుంచి ఇక్కడికి వచ్చేసరికి ఏమి నేర్చుకున్నారు అన్నవి వాటి సారాంశం. ఇంగ్లండ్‌లో 2017 నుంచి కొత్త పాఠ్యప్రణాళికలు రావడంతో ఈ రూపం వెనకబడింది. అయినా విమర్శకు ఇది ఇప్పటికీ మంచి సామగ్రి. ఒక కళాఖండాన్నీ, దాని కర్త రాసుకున్న వ్యాఖ్యానాన్నీ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం సాహిత్య విద్యార్థికి తరచు దొరకదు.

ఏడవ ప్రశ్నలో ప్రస్తావించిన తొలి అభ్యాసం చూడడానికి అతి సామాన్యమైనది. ఒక పాత్ర తలుపు తెరుచుకుని గదిలోకి రావాలి. గది దాటి, మరొక పాత్ర ఎదుట ఉన్న కుర్చీలో కూర్చోవాలి. ఇద్దరూ రెండు మూడు మాటలు మాట్లాడుకోవాలి. అంతే. కథ లేదు, రసం లేదు, రహస్యం లేదు. అయితే ఈ చిన్న పనిలో చలనచిత్ర వ్యాకరణంలోని మూడు సూత్రాలు తప్పనిసరిగా పాటించాలి. ఒక చర్య ఒక షాట్‌లో మొదలై మరొక షాట్‌లో అతుకు కనబడకుండా పూర్తి కావడం మొదటిది. సంభాషణలో ఒకరి ముఖం తరువాత మరొకరి ముఖం చూపడం రెండవది. ఇద్దరి మధ్య ఊహించుకున్న గీతను కెమెరా దాటకపోవడం మూడవది.

తలుపునే ఎందుకు ఎంచుకున్నారన్నది ఆలోచించవలసిన విషయం. తలుపుకు అటు ఒక స్థలం, ఇటు ఒక స్థలం. బయట నిలబడి తీసిన షాట్‌లో చేయి గడియ మీద పడుతుంది; లోపలినుంచి తీసిన షాట్‌లో తలుపు తెరుచుకుంటుంది. ఈ రెండింటి మధ్య నిజజీవితంలో ఒక క్షణం కూడా లేదు. చిత్రీకరణలో మాత్రం కెమెరాను లోపలికి మోసుకెళ్లాలి, కాళ్లు సరిచేయాలి, నటించే మిత్రుణ్ణి మళ్లీ బయటికి పంపాలి. ఈలోగా కిటికీ వెలుతురు మారుతుంది. మొదటిసారి కుడిచేత్తో గడియ తిప్పినవాడు రెండోసారి ఎడమచేయి వేస్తాడు. బయట నడవాలో రికార్డయిన శబ్దానికీ గదిలోపలి నిశ్శబ్దానికీ పొంతన కుదరదు. కూర్పు బల్ల దగ్గర కూర్చున్నప్పుడు గాని విద్యార్థికి ఇవేవీ కనబడవు. అంతవరకు అతడు ప్రేక్షకుడిగా వేల తలుపులు తెరుచుకోవడం చూశాడు. ఒక్క తలుపు కూడా అతుకుగా కనిపించలేదు. అవిచ్ఛిన్నత అనేది లోకంలో దొరికేది కాదనీ, చేతులతో కట్టవలసినదనీ మొదటిసారి తెలిసేది ఇక్కడే. పద్యంలో యతి ఎక్కడ పడిందో వినికిడికి తెలియకపోవడం వెనక ఎంత పని ఉందో పద్యం కట్టబోయినవాడికే తెలిసినట్టు, ఇదీ చేసినవాడికే తెలుస్తుంది.

తలుపు దాటిన తరువాత అసలు పని మొదలవుతుంది. బ్రిటన్‌లో వాడుకలో ఉన్న సెకనుకు 25 ఫ్రేముల లెక్కన రెండు నిమిషాలంటే 3,000 ఫ్రేములు. లెక్కకు ఎక్కువగా తోచినా, తొలి కూర్పు పూర్తయ్యేసరికి అవి ఎంత కొద్దివో తెలుస్తుంది. పాత్ర ఇల్లు వదిలి బయలుదేరడం, వీధిలో నడవడం, బస్సు ఎక్కడం, దిగడం అన్నీ తీసుకుని వచ్చిన విద్యార్థులకు, నడక మొత్తం తీసివేసినా పాత్ర గమ్యం చేరుతుందన్నది పెద్ద ఆవిష్కరణ. ఏమి చూపాలన్న ప్రశ్నతో మొదలైన పని ఏమి తీసివేయాలన్న ప్రశ్నగా మారుతుంది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ ఎడిటింగుకు ‘కూర్పు’ అన్న మాటను స్థిరపరచింది. మాట అందమైనదే గాని, అది చేర్చడాన్ని చెప్పినంతగా తీసివేయడాన్ని చెప్పదు.

ఆ 3,000 ఫ్రేములలోనే పేర్లు కూడా ఇమడాలి. నిర్మాణ సంస్థ పేరు ముందు, దర్శకుడి పేరు చివర రావడం సాధారణ సంప్రదాయం. మధ్యలో నటులు, చిత్రం పేరు, సంగీతం, కూర్పు, ఛాయాగ్రహణం వస్తాయి. నలుగురే ఉన్న బృందం ఇన్ని పేర్లు ఎక్కడి నుంచి తెస్తుంది? ఒకే పేరు మూడుసార్లు పడుతుంది. లేదా లేని సంస్థకు పేరు పెట్టవలసివస్తుంది. హాస్యంగా కనిపించే ఈ అవస్థలోనే పేర్ల వరుస వెనుక ఉన్న శ్రమవిభజన, అధికారక్రమం విద్యార్థికి అర్థమవుతాయి. ఈ సందర్భంలో అవతారిక గుర్తుకు రాకమానదు. ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతి, కవి స్వవిషయం, కృతిభర్త వంశవర్ణన, షష్ఠ్యంతాలు దాటితే గాని కథలోకి ప్రవేశం లేదు. నన్నయ అవతారికలో రాజరాజనరేంద్రుడి కోరిక కావ్యానికి కారణంగా నిలిచింది. కృతి ఎవరి ఆశ్రయంలో వెలువడుతుందో, ఎవరికి అంకితమో చెప్పడం కృతిలో భాగమే. ఎటువంటి సంస్థ పంపిణీ చేస్తుందన్న మూడవ ప్రశ్నకు విద్యార్థులు పెద్ద హాలీవుడ్ సంస్థ పేరు రాసి ఊరుకున్నప్పుడు ఆ జవాబు పేలవంగా ఉంటుంది. తమ చిత్రానికి నిజంగా ఆశ్రయమిచ్చేవారెవరని ఆలోచించిన జవాబులో మాత్రం కృతిభర్తను వెతుక్కునే కవి స్థితి కనబడుతుంది.

ఈ అభ్యాసంలో థ్రిల్లరు మీద విద్యార్థులకు మోజు ఎక్కువ. అడవిలో పరుగెత్తే అమ్మాయి, వెంటాడే అడుగులు, ముఖం కనబడని మనిషి, తెల్లని బల్లమీద కత్తి, గోడకు గుచ్చిన ఛాయాచిత్రాలు ఈ చిత్రారంభాలలో పదేపదే కనిపించే సామగ్రి. డేవిడ్ ఫించర్ దర్శకత్వం వహించిన ‘సెవెన్’ (1995) చిత్రానికి కైల్ కూపర్ రూపొందించిన పేర్ల దృశ్యం ఈ ధోరణికి ఒక ప్రధానమైన మాతృక. అందులో ఒక మనిషి చేతులు మాత్రమే కనబడతాయి. అవి కాగితాలు కోస్తాయి, కుడతాయి, రాస్తాయి, వేళ్ల చర్మాన్ని బ్లేడుతో గీకుతాయి. ముఖం లేదు. జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ (1978) ప్రారంభంలో ప్రేక్షకుడు హంతకుడి కళ్లతో ఇంట్లోకి నడుస్తాడు. కొంతసేపు ముసుగు రంధ్రాల గుండా చూస్తాడు. ముసుగు తొలగించినప్పుడు కనబడేది ఆరేళ్ల పిల్లవాడి ముఖం.

విద్యార్థి ఈ రెండింటినుంచీ ముఖం చూపకపోవడాన్ని తీసుకుంటాడు. ముఖం దేనికోసం ఆగిందన్నది తరచు వదిలేస్తాడు. ‘సెవెన్’లో ముఖం లేకపోయినా మనిషి ఉన్నాడు: అతడి ఓర్పు, వికారమైన శ్రద్ధ, వేలిముద్ర మిగలకుండా చేసుకునే జాగ్రత్త ఆ చేతుల్లోనే తెలిసిపోతాయి. ‘హాలోవీన్’లో దాచిన ముఖం బయటపడగానే అంతవరకు చూసినదంతా తలకిందులవుతుంది. అనుకరణలో మిగిలేది చీకటి మాత్రమే. దాచడం వేరు, అట్టేపెట్టడం వేరు. దాచినదానిలో ప్రేక్షకుడికి వాటా లేదు. అట్టేపెట్టినది తనకోసమే ఉందని అతడికి తెలుసు, కనుక ఎదురుచూస్తాడు. చిత్రారంభం చేసిన విద్యార్థి నిజంగా నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే అది ఈ భేదమే. అతడు దానిని ఏ పేరుతో పిలిచినా ఫరవాలేదు.

భామాకలాపం చూసిన తెలుగువారికి ఈ భేదం వివరించనక్కరలేదు. సత్యభామ ప్రవేశానికి ముందు ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా ఆమె జడ బయటికి వస్తుంది. ముఖం లేదు, మాట లేదు, నడక లేదు. ఉన్నది జడ ఒక్కటే. ఆ జడ వేయడాన్ని సవాలుగా భావించడం కూచిపూడి సంప్రదాయం. సత్యభామ ఎవరో, ఆమె అతిశయం ఎంతటిదో, ఆ అతిశయానికి కలాపంలో ఏమి కాబోతుందో అన్నీ ఆ జడలో ఇమిడి ఉన్నాయి. తరువాత ప్రవేశ దరువులో ఆమె తనను తాను చెప్పుకున్నప్పుడు ప్రేక్షకుడు కొత్తగా తెలుసుకునేది తక్కువ, ధ్రువపడేది ఎక్కువ. కెమెరా లేని కాలంలో తెరను ఫ్రేముగా వాడుకుని, శరీరంలో ఒక్క అవయవాన్ని ఎంచి చూపిన ఈ ప్రయోగం క్లోజప్ స్వభావాన్ని విద్యార్థికి ఏ పాఠ్యపుస్తకం కన్నా స్పష్టంగా చెప్పగలదు. ముఖం కనబడని హంతకుడి బూట్లు తీసిన విద్యార్థిని, ఈ బూట్లు ఎవరివో చెప్పకుండానే ఆ మనిషి ఎటువంటివాడో చెబుతున్నాయా అని అడిగితే చాలు.

చూపడం ద్వారా ఉత్కంఠ పెంచే మార్గం మరొకటి ఉంది. దానిని విద్యార్థులు అంతగా ఎంచుకోరు. ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) మొదట్లోనే ఒక చేయి బాంబుకు గడువు పెట్టడం, దానిని కారు వెనుక భాగంలో ఉంచడం కనబడతాయి. తరువాత మూడు నిమిషాలకు పైగా కోత లేకుండా సాగే షాట్‌లో ఆ కారు సరిహద్దు పట్టణం వీధుల్లో జనం మధ్య నెమ్మదిగా కదులుతుంది. పాత్రలకు తెలియనిది ప్రేక్షకుడికి తెలుసు. అందుకే ప్రతి మామూలు మాటా బరువెక్కుతుంది.

కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ (1957) తొలి ఘట్టాలలోని ప్రియదర్శిని ఇదే పనిని నవ్విస్తూ చేస్తుంది. ఎవరు చూస్తే వారికి ప్రియమైనది కనబడే పేటిక అది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని కనిపిస్తారు. నాలుగు చూపులలో కథలోని పక్షాలన్నీ తేలిపోయాయి. పెళ్లి ఎవరితో కావాలన్న తగాదాకు మూలం ఇక్కడే ఉంది. కృష్ణుడికి శకుని కనబడడం మొదట చమత్కారం; తరువాత అదే కథాసూత్రం. సంభాషణా రచయిత పింగళి నాగేంద్రరావు ఒక వస్తువును సృష్టించి దానితోనే వస్తునిర్దేశం చేయించారనవచ్చు. తెరలో మరొక తెరను పెట్టి, చూడడమంటే ఏమిటో చెబుతూ మొదలయ్యే చిత్రం తెలుగులోనే ఉండగా, తెలుగు మాధ్యమ విద్యార్థి చిత్రారంభానికి పాఠం కోసం అడవిలోని పరుగును మాత్రమే ఎంచుకోవడం ఆశ్చర్యం.

సామాజిక వర్గాన్ని ఎలా చూపారన్న రెండవ ప్రశ్న ఈ అభ్యాసంలో అన్నిటికన్నా పదునైనది. తలమీదికి హుడ్ లాగుకున్న యువకుణ్ణి దూరంనుంచి చూపితే చాలు, బ్రిటిష్ ప్రేక్షకుడికి భయం కలుగుతుంది. ఆ భయాన్ని అక్కడి పత్రికలు, దృశ్యమాధ్యమాలు ఏళ్ల తరబడి పెంచి పోషించాయి. విద్యార్థి దానిని వాడుకుంటాడు, ఎందుకంటే అతడి చేతిలో ఉన్నవి రెండు నిమిషాలే. దుస్తులు అతడివే, నటించేవాడు తరగతిలో పక్కన కూర్చునే మిత్రుడే. తన తరాన్ని, తన స్నేహితుణ్ణి భయహేతువుగా తానే నిలబెట్టానని మూల్యాంకన రాసేటప్పుడు గాని చాలామందికి తట్టదు. మూసపాత్ర దురుద్దేశం నుంచే పుట్టనక్కరలేదు, తొందర నుంచి కూడా పుడుతుంది. సమయం తక్కువైనకొద్దీ దర్శకుడు ప్రేక్షకుడి తలలో ముందే ఉన్న బొమ్మమీద ఆధారపడతాడు. మూసపాత్రల గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా తెలియని విషయం ఇది. ఆ మూసను తన చేత్తో పోసినవాడికి తెలుస్తుంది.

తెలుగు సినిమాలో ఈ పనిని చాలాకాలం యాస చేసింది. నాయకుడు ప్రామాణికంగా చలామణి అయిన కోస్తా భాష మాట్లాడడం, హాస్యగాడికో ప్రతినాయకుడికో తెలంగాణ మాటనో రాయలసీమ మాటనో అంటగట్టడం విమర్శకులు విస్తారంగా చర్చించిన విషయమే. చర్చ ఎక్కువగా వివక్ష గురించి సాగింది, అది న్యాయమే. అయితే ఆ యాస తెరమీదికి ఏ క్షణంలో వస్తుందన్నది కూడా చూడాలి. పాత్ర మొదటి మాటలోనే అది వస్తుంది. పరిచయానికి పట్టే సమయాన్ని ఆదా చేయడానికి ఒక ప్రాంతపు నాలుకను ఖర్చు పెట్టారు. ఇప్పటి లఘుచిత్రాలు తీసే యువకులలో ఎందరో తమ ఊరి మాటనే నాయకుడి నోట పెడుతున్నారు. అయినా అయిదు నిమిషాల చిత్రంలో రౌడీ కావలసివచ్చినప్పుడు పాత అలవాటు మళ్లీ తల ఎత్తుతూనే ఉంది. భాషాశాస్త్రమూ మాండలికాధ్యయనమూ బోధించే తెలుగు శాఖలకు ఇంతకన్నా సజీవమైన అభ్యాసం దొరకదు.

మూల్యాంకనల భాష గురించి ఒక మాట చెప్పాలి. సాంకేతికత మీది ఆరవ ప్రశ్నకు విద్యార్థులు సాధారణంగా సాఫ్ట్‌వేరు పేర్లు, కెమెరా నమూనా, వాడిన ఎఫెక్టులు వరుసగా రాస్తారు. ఇది జాబితాయే గాని అభ్యసనం కాదు. నిజమైన సాంకేతిక జ్ఞానం తప్పు రూపంలో వస్తుంది. అడవిలో తీసిన సంభాషణ మీద గాలి హోరు తప్ప మరేమీ వినబడలేదు. అందుకని మాటలు తీసివేసి, గదిలో ఎండుటాకులు నలిపి అడుగుల చప్పుడు చేర్చారు. మాట పోయిన తరువాత దృశ్యం బాగుపడింది. ఇటువంటి వాక్యం రాయగలిగిన విద్యార్థి శబ్దం గురించి తెలుసుకున్నాడు. కానీ 20 మార్కుల మూల్యాంకన అతడిని విజయగాథ వైపు నెడుతుంది. తప్పును అందంగా సర్దిచెప్పే నేర్పు అలవడుతుంది. తమ రచన గురించి రాసే ముందుమాటల్లో పెద్ద రచయితలూ చేసే పని ఇదే కనుక, పదహారేళ్లవారిని మాత్రమే తప్పుపట్టనక్కరలేదు.

ఇంతకన్నా మౌలికమైన లోపం అభ్యాసం నిర్మాణంలోనే ఉంది. ఇది లేని చిత్రానికి ప్రారంభం. రెండు నిమిషాలు పూర్తికాగానే తెర నల్లబడుతుంది. అక్కడినుంచి విద్యార్థికి బాధ్యత లేదు. అడవిలో పరుగెత్తిన అమ్మాయి ఎవరో, గోడమీది ఛాయాచిత్రాలు ఎవరివో అతడు చెప్పనక్కరలేదు. చాలాసార్లు అతడికే తెలియదు. నాట్యశాస్త్రం ముఖసంధిలో బీజాన్ని ఉంచమన్నది నిర్వహణసంధిలో ఫలం ఉంటుందన్న నమ్మకంతోనే. ఫలం అక్కరలేదన్న హామీ ఇచ్చి విత్తనం నాటమంటే, విత్తనంలా కనబడే రాయిని నాటినా ఎవరికీ తెలియదు. అప్పు తీర్చే పని లేనివాడు ఎంతైనా వాగ్దానం చేయగలడు. రహస్యం మీద రహస్యం పేర్చే చిత్రారంభాలు ఇన్ని రావడానికి కారణం విద్యార్థుల అభిరుచి మాత్రమే కాదు. రహస్యానికి జవాబు అడగని పరీక్ష కూడా. కథానికలో ఎత్తుగడను ముగింపు నుంచి విడదీసి మార్కులు వేస్తే తెలుగు విద్యార్థులూ ఇలాగే రాస్తారు.

దీనికి మొత్తం సినిమా తీయించనక్కరలేదు. చిత్రం ప్రదర్శించిన తరువాత, మూల్యాంకన రాయించడానికి ముందు, 3,001వ ఫ్రేములో ఏముందని అడగవచ్చు. రెండవ దృశ్యం తెలిసిన విద్యార్థి వెంటనే చెబుతాడు. చెప్పేటప్పుడు తన మొదటి దృశ్యంలో అనవసరమైన షాట్లేవో కూడా గుర్తిస్తాడు. తెలియనివాడు తడుముకుంటాడు, ఆ తడుములాటలోనే కథ వెతకడం మొదలుపెడతాడు. ప్రియదర్శినిలో శకుని ఎందుకు కనబడ్డాడో ‘మాయాబజార్’ బృందానికి మొదటి రోజునే తెలిసి ఉండాలి. తెరమీదికి వేసిన జడ వెనుక ఎవరున్నారో తెర పట్టుకున్న ఇద్దరికీ తెలుసు. ఓసీఆర్ మూల్యాంకనలోని ఏడు ప్రశ్నలలో ఈ ప్రశ్న లేదు. తెలుగు శాఖలో ఎవరైనా ఇటువంటి అభ్యాసం ప్రవేశపెట్టదలిస్తే, కెమెరా ఉన్నా లేకపోయినా, ఒక పేజీ ఎత్తుగడ రాయించి రెండవ పేజీ గురించి నోటిమాటగా అడగడంతో మొదలుపెట్టవచ్చు.